ఉండలు లేకుండా

ఇంకా యాభై ఏడు నిమిషాలుందని ఫోను చెబుతోంది. యాభై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు, పదకొండు, పది, ఎర్ర అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఈలోపు కొంటే ఆరువందల నలభై తొమ్మిదట, దాటితే తొమ్మిది వందలట, నన్నెందుకు తరుముతారు, తరమడానికి ఇంట్లో గోడ గడియారం ఒకటి ఉంది కదా, మూడైంది, నాలుగింటికి ఆయన లేస్తారు, లేవగానే ఏదో ఒకటి నోట్లోకి వెళ్ళాలి, కుక్కరు చూస్తే ఇంకా మొదటి కూత కూడా వెయ్యలేదు. బొమ్మని రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేసి చూశాను. స్టీలు గ్లాసంత గిన్నె, అడుగున సన్నటి చిల్లులు, పైన రెండు పొడుగాటి పిడులు. ఉడికిన బంగాళదుంపని గిన్నెలో పడేసి పిడులు రెండూ కలిపి నొక్కితే చిల్లుల్లోంచి సేమ్యాలా దిగుతుంది, ఒక్క ఉండ కూడా ఉండదు. పొటాటో రైసరట దీని పేరు. మన జంతికల గొట్టానికి రెండు చేతులు మొలిపించి పేరు మార్చారు, అంతకన్నా నాకేమీ కనపడలేదు. పొద్దున్న మెర్లిన్ పంపించింది. నా కూతురు విశాఖలో బ్యాంకులో పని చేస్తుంది, ఆదివారం మనిషి వస్తుంది, మిగతా ఆరు రోజులూ ప్రేమంతా లింకుల్లో వస్తుంది. ‘కొనెయ్ మమ్మీ, డాడీకి పనికొస్తది, ఇంకేటి ఆలోచిస్తన్నావు’ అని మెసేజీ, దాని కింద ఒక నవ్వు మొహం. ఆలోచించడానికేముంది, కార్టులో వేసే ఉంచాను, ఇక వేలితో ఒక్క నొక్కు. ఆ వేలే ఇందాకటి నుంచి బొమ్మ మీద ఆడుతోంది, నొక్కడం లేదు. వస్తువు ఆదివారానికి వస్తుందని అందులోనే రాసి ఉంది. నాకు కావలసింది ఇవాళ. ఇవాళ బుధవారం.

రేపు సంధ్యారాణి వస్తుంది. ఫిజియో అమ్మాయి, అనకాపల్లి నుంచి స్కూటీ మీద వారానికోసారి వచ్చి ఆయన కుడిచెయ్యి లేపిస్తుంది, దించుతుంది, గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి మింగమంటుంది. పోయినవారం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అంది, “వచ్చే గురువారం నా ముందర ఒక చిన్న గిన్నెడు తినాలాంటీ, దగ్గు రాకుండా. లేకపోతే డాక్టరు గారు ముక్కులో ట్యూబు వేసేద్దామంటన్నారు.” ఎంత మెల్లగా అందో, ఆయనకి వినపడకూడదని. ఆయన చెవులకేమీ కాలేదు. కళ్ళు నా వైపు తిరిగాయి. ట్యూబంటే ఆయనకి తెలుసు, ఆసుపత్రిలో మొదటి పది రోజులూ ట్యూబే, రెండుసార్లు పీకేశారు, మూడోసారి వేసి ఎడమచేతిని గుడ్డతో మంచం కమ్మీకి కట్టేశారు. ఆ ముడి విప్పింది నేనే, డిశ్చార్జి రోజున, మణికట్టు చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది, ఇంకెప్పుడూ కట్టనివ్వనని నోటితో చెప్పాను కూడా. చెప్పడం తేలిక. ట్యూబు పడితే ఈ రైసరు దేనికి, అలంకారానికి మేకుకి తగిలించుకోవడానికా. పడకపోతే కొనుక్కోవచ్చు. అంటే కొనాలో వద్దో తేల్చేది రేపు, ఆ రేపటిని తేల్చేది ఇవాళ నాలుగింటికి, ఎందుకంటే పన్నెండు రోజులైంది ఆయన నా చెంచాకి నోరు తెరిచి, ఇవాళ నాకు తెరవని నోరు రేపు ఎవరో అమ్మాయి ముందర తెరుస్తుందా. మొదటి కూత వేసింది కుక్కరు. ముందు గదిలోకి తొంగి చూశాను, కదల్లేదు, దుప్పటి లేస్తూ దిగుతూ ఉంది.

నవంబరులో ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటున్న మనిషి ఉన్నట్టుండి బ్రష్షు వదిలేశారు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది, మింగడం సగం పోయింది. శాంతిరాజంటే ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు, రోలుగుంట బండి కండక్టరంటే తెలియనివాళ్ళు లేరు, ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో అదే దారి, బుచ్చయ్యపేట బుచ్చయ్యపేట అని ఆయన వేసే కేకకి నిద్రపోయే పిల్లలు లేచి కూర్చునేవారు. అంత గొంతులో ఇప్పుడు రెండే మాటలు మిగిలాయి. ఒకటి రైట్. రెండోది హోల్డాన్. డాక్టరుకి వింతగా ఉంది, నాకు లేదు. రూతూ అని నన్ను రోజుకి ఎన్నిసార్లు పిలిచారు, మహా అయితే నాలుగు. ఆ రెండు మాటలూ రోజుకి మూడు వందల సార్లు అనుంటారు, మరి ఏది మిగులుతుంది. నా పేరు పోయి బస్సు మాటలు మిగిలినందుకు మొదట్లో ఉక్రోషం వచ్చిన మాట నిజమే, దాచుకోవడం దేనికి. తర్వాత ఆ రెండింటితోనే సంసారం నడిచిపోయింది. దుప్పటి కప్పమంటే రైట్, ఫ్యాను ఆపమంటే హోల్డాన్. చెంచా నోటి దగ్గరికి తెస్తే రైట్ అనేవారు, మింగడం అయ్యాక మళ్ళీ రైట్, ఇక చాలంటే హోల్డాన్. చెంచాకి చెంచాకి మధ్య ఆయన మాట కోసం ఆగాలి, అదొక్కటే నియమం, దాన్ని నాకు సంధ్యారాణి నేర్పనక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు అంగన్‌వాడీలో చేసినదాన్ని, ఎంతమంది తల్లులకి చెప్పి ఉంటాను, తొందరపెట్టకండమ్మా, మెత్తగా చేసి, ఉండల్లేకుండా, మింగాకే ఇంకో ముద్ద అని. గోడ మీద బొమ్మ చూపించి మరీ చెప్పేదాన్ని.

రెండో కూత. నలభై ఎనిమిది నిమిషాలు. వీధిలో చెరుకు ట్రాక్టరు వెళ్తోంది, ఈ ఫిబ్రవరి నెలంతా ఇంతే, తెల్లారిన దగ్గర్నుంచీ ఒకటి తర్వాత ఒకటి, పాటలు పెద్దగా పెట్టుకుని, వాడి పాటకి ఈయన లేచిపోతే నా పని అయిందే. పోయింది. కొన్నవాళ్ళు రాసినవి చదవడం మొదలుపెట్టాను, ఊరికే ఉండలేక. పిడి వంగిపోయిందని ఒకావిడ. వస్తువు బాగుంది గాని అట్టపెట్టె చిరిగిందని ఒకాయన, పెట్టెలో కాపురముంటాడు కాబోలు. మా బాబుకి ఆరు నెలలు, చాలా ఉపయోగం అని ఒకమ్మాయి. ఒకావిడ పేద్ద వ్యాసం రాసింది, బంగాళదుంపని మిక్సీలో వెయ్యకండి, బ్లేడు తిరిగితే దుంప బంకలాగా సాగిపోతుంది, ఇందులో అయితే పొడిపొడిగా వస్తుంది అని. అక్కడ ఆగిపోయాను. మళ్ళీ చదివాను. బంకలాగా. ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే. మిక్సీ అన్నిటినీ మెత్తగా చేస్తుందనే కదా ఎవరైనా అనుకుంటారు. ఫోను పక్కన పెట్టి, మళ్ళీ తీసి, కిందికి లాగితే ఇంకొకటి కనపడింది, ఎవరిదో పేరు లేదు, మూడే ముక్కలు. నాన్నగారి కోసం కొన్నాను. ఇప్పుడు అవసరం లేదు. క్వాలిటీ బాగుంది. ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. అవసరం లేకపోవడమంటే ఏమిటి బాబూ, లేచి అన్నం తింటున్నారా, లేక. కొంచెం వివరంగా రాస్తే ఏం పోయింది. నువ్వు ఎన్నాళ్ళు వాడావు, ఎన్ని దుంపలు నొక్కావు, అది రాయాలి గదా కొనేవాళ్ళకి కావలసింది. నాకు కోపమొచ్చింది ఆ ముక్కూ మొహం తెలియని మనిషి మీద, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, రెండూ ఒకేసారి.

ఆ శుక్రవారం కూడా ఇలాగే మూడింటికి. చర్చిలో స్త్రీల కూడిక, నవంబరు నుంచీ వెళ్ళలేదు, ఆ రోజు వెళ్దామనిపించింది, వెళ్ళి నలుగురిలో కూర్చుని నాలుగు పాటలు పాడి ఒక్క గంటలో వచ్చేద్దామని, ఇందులో తప్పేముంది, ఇస్త్రీ చీర కట్టుకున్నాను, బైబిలు సంచి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. పప్పుగుత్తితో మెదిపితే ఉండలుంటాయని, టీ వడపోతలోంచి రుద్దితే అరగంట పడుతుందని, ఉడికిన దుంపలు మిక్సీలో వేసి గిర్రున తిప్పేశాను. తళతళలాడుతూ వచ్చింది, ఎంత నున్నగా ఉందో అని సంబరపడ్డాను కూడా. మూడు చెంచాలు తిన్నారు. నాలుగోది నోట్లో చాలాసేపు ఉంచుకున్నారు, నాలుకతో తోసుకుంటున్నారు, అది అంగిలికి అతుక్కుందని నాకేం తెలుసు. హోల్డాన్ అన్నారు. స్పష్టంగానే అన్నారు. గిన్నెలో ఇంకొక్క చెంచానే ఉంది, గోడ మీద మూడూ పది, “ఇంకొక్కటేనండీ, అయిపోయింది” అంటూ చెంచా పెదాల మధ్య పెట్టేశాను. పెట్టలేదు, తోశాను. పొలమారింది. పొలమారిందంటే మామూలుగా కాదు, మొహం నల్లబడిపోయింది. ముందుకి వంచి వీపు మీద చరచాలని సంధ్యారాణి ఎన్నిసార్లు చూపించిందో, అదేదీ గుర్తు రాలేదు, నా చెయ్యి దానంతటదే లేచి ఆయన నడినెత్తి మీద తట్టింది, నోరు దానంతటదే, ఎవరో తలుచుకుంటున్నారు ఎవరో తలుచుకుంటున్నారు అంది, చిన్నప్పుడు మా అమ్మ నా నెత్తి మీద తట్టినట్టే. ఎదురింటి అరుగు మీంచి అచ్చియ్యమ్మ దగ్గు విని కేకేసింది, “ఎవులో తలుస్తన్నార్రా కండక్టరు బాబుని, నెత్తి మీద కొట్టి నీళ్ళు తాగించే.” నీళ్ళు కూడా తాగించాను. ఎవరు తలుచుకుంటారండీ, ఎదురుగా కూర్చుని చెంచా తోసినదాన్ని నేనైతే. ఆ రాత్రికి జ్వరం, ఛాతీలోకి పోయిందన్నారు, ఇంజెక్షన్లు, ఐదు రోజులకి తగ్గింది. ఏం జరిగిందని డాక్టరు అడిగితే నీళ్ళు తాగుతుంటే పొలమారిందని చెప్పాను. మెర్లిన్‌కి అదే చెప్పాను. సంధ్యారాణికి అదే చెప్పాను. పక్కమీద పడుకుని ఆయన నేను చెప్పేదంతా విన్నారు, మూడుసార్లూ.

అప్పటి నుంచి నేను చెంచా తెస్తే పెదాలు బిగించేస్తారు. పోనీ ఆకలి లేదా అంటే ఆదివారం మెర్లిన్ వచ్చి రాగిజావ పెడితే తిన్నారు, రైట్ అనలేదు గాని తిన్నారు, అది నవ్వుతూ “సూడు మమ్మీ, నా దగ్గర ఎలా తింటన్నారో” అంది. చూశాను. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి గిన్నెలు కడిగాను, కడిగిన గిన్నెలే. మిగతా రోజుల్లో నీళ్ళలో ఏదో పొడి కలిపి చిక్కబరిచి, కళ్ళు మూసుకుని మగతలో ఉన్నప్పుడు చెంచాడు చెంచాడు పోస్తున్నాను, దొంగతనంగా, మనిషి చిక్కి సగమైపోయారు. సంధ్యారాణికి చెబుతామా ఇది. పాస్టరు గారు అడిగితే బాగానే తింటున్నారండీ అన్నాను. ఎదురింటి అచ్చియ్యమ్మ అడిగితే అన్నమే తింటున్నారు అప్పా, బంగాళదుంప వేపుడు కలుపుకుని అన్నాను, వేపుడు దేనికి చేర్చానో నాకే తెలియదు, క్యారేజీలో రోజూ అదే కట్టించుకునేవారు, అంచులు మాడిన ముక్కలు ఏరి పైన పెట్టకపోతే సాయంత్రం ఇంటికొచ్చి అలిగేవారు, మెత్తగా ఉంటే దుంప కాదది గంజి అనేవారు. అలాంటి మనిషికి గుజ్జు పెడుతున్నానని ఎలా చెప్పను. ఇంటింటికీ పాకుతుంది మాట, రోలుగుంట దాకా వెళ్తుంది బస్సెక్కి.

మూడో కూత. స్టవ్ ఆపేశాను. ముప్పై ఆరు నిమిషాలు, ఎనిమిది సెకన్లు. ఆవిరి పోయేదాకా ఆగలేక మూత మీద నీళ్ళు కొట్టి తీశాను, దుంపలు పగిలి నవ్వుతున్నాయి, తొక్క తీస్తుంటే వేళ్ళు కాలాయి, కాలనీ. ఇప్పుడు వీటినేం చెయ్యాలి. మిక్సీ ముట్టుకోను, దాని మీద గుడ్డ కప్పాను ఆ రోజే. పప్పుగుత్తి ఉండలు వదిలేస్తుంది. వడపోతలో రుద్దితే అడుగు చేరేసరికి చల్లారి గట్టిపడుతుంది. రైసరు ఆదివారం. అంతా తెలుసు నాకు, కొంటే ఏదో చేసినట్టుంటుందని కొనాలనిపిస్తోంది తప్ప ఇవాళ్టికి అది దేనికీ కాదు. కావలసినది వీధికి అవతల పక్క ఉంది. అచ్చియ్యమ్మ ఇంట్లో ఇత్తడి జంతికల గొట్టం, ఆవిడ అత్తగారినాటిది, పిడి తిప్పితే మర దిగినట్టు కిందికి దిగుతుంది, నాలుగు బిళ్ళలు, వాటిలో ఒకటి సన్న కారప్పూసది, సూది మొనంత చిల్లులు. నాకూ ఒక అల్యూమినియంది ఉండేది, రెండు క్రిస్మసుల కిందట పిడి విరిగితే పాత సామాన్లవాడికి వేసేశాను, కొత్తది దేనికి, వీధి మొత్తానికి ఆవిడదే కదా తిరుగుతుంది. దసరాకి వాళ్ళు, క్రిస్మస్‌కి మేము. తెచ్చుకోవడం తేలికే. తిరిగి ఇవ్వడం దగ్గరే చిక్కు. ఆ గొట్టాన్ని ఖాళీగా ఇవ్వకూడదు, ఈ వీధిలో ఎవరూ ఇవ్వరు, అందులో ఏం వండామో అది ఒక గుప్పెడు లోపల పెట్టి మూత పెట్టి ఇవ్వాలి, ఖాళీగా వస్తే ఆ ఇంట్లో మళ్ళీ మూకుడు పొయ్యెక్కదని వాళ్ళ నమ్మకం, వాళ్ళదేమిటిలే, నాదీ. ఈ క్రిస్మస్‌కి నేను వెళ్ళి అడగలేదు, ఆవిడే గుమ్మం దాకా తెచ్చింది, వద్దులే అప్పా అన్నాను. ఇప్పుడు ఏ పండగా కాని బుధవారం మధ్యాహ్నం వెళ్ళి అడిగితే ఏం వండుతున్నావంటుంది. ఏం పెట్టి తిరిగిస్తాను. ఆరువందల నలభై తొమ్మిది రూపాయలు దేనికో ఇప్పుడు అర్థమైంది నాకు, దుంపలు నొక్కడానికి కాదు, ఆవిడ గుమ్మం ఎక్కకుండా ఉండడానికి.

పైగా ఆవిడ మీద కోపం కూడా ఉంది నాకు. వీధి అవతల నుంచి ఎందుకు అరవాలి, నెత్తి మీద కొట్టమని, నీళ్ళు తాగించమని, ఆవిడ అనకపోతే నాకు వీపు గుర్తొచ్చేదేమో. పన్నెండు రోజులుగా ఇదే తిప్పుకుంటున్నాను బుర్రలో, ఆవిడ అరిచింది, ఆవిడ అరిచింది అని. అరిచేసరికే నా చెయ్యి ఆయన నెత్తి మీద ఉంది. అరిచేసరికే చెంచా లోపల ఉంది. ఆయన బండిలో నేను అంగన్‌వాడీకి వెళ్ళిన రోజులు గుర్తొస్తున్నాయి ఎందుకో, దారిలో చెరుకు మళ్ళలోంచి ఎవరో ముసలమ్మ సంచి ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చేది, డ్రైవరు విసుక్కునేవాడు, ఈయన హోల్డాన్ అని ఒక్క కేక, అంతే, ఆవిడ రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టి, సంచి లోపలికి లాక్కుని, నిలదొక్కుకుంటే గాని రైట్ అనేవారు కాదు. లోపల అరవై మంది గొణుక్కుంటున్నా సరే. ముప్పై రెండేళ్ళలో ఆయన బండి నుంచి ఎవరూ జారిపడలేదు. నేను ఒక్క గంట కూడిక కోసం ఆగలేకపోయాను. ఫోను బల్ల మీద బోర్లించి, దుంపల గిన్నె మీద మూత పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను.

అచ్చియ్యమ్మ అరుగు మీద చింతపండు ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటాయి, చూపు ఇంకా సూదిలా ఉంటుంది. “ఏటే రూతమ్మా, కాళ్ళకి చెప్పుల్లేకుండా వచ్చేవు” అంది. జంతికల గొట్టం కావాలన్నాను. “ఇప్పుడేటి జంతికలు, ఎవులొచ్చేరు?” అంది. మెర్లిన్ స్నేహితులు వస్తున్నారని చెప్పబోయాను, నోట్లోకి వచ్చేసింది కూడా, ఎలా బయటికి రాలేదో తెలియదు. “జంతికలు కాదప్పా. ఆయనకి బంగాళదుంప నొక్కి పెట్టాల. అన్నం తినడం లేదు. నవంబరు నుంచీ తినడం లేదు. ఆ రోజు పొలమారింది నీళ్ళకి కాదు, నేనే చెంచా తోసేసేను, ఆగమన్నా ఆగలేదు.” ఒక్క గుక్కలో అనేశాను, ఆవిడ మొహం చూడకుండా, చింతపండు వైపు చూస్తూ. ఆవిడ చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది, డబ్బాల చప్పుడైంది, బయటికొచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది, “ఏ బిళ్ళ ఎయ్యమంటావు, సన్నదా?” సన్నదేనన్నాను. “మరి పద. నువ్వు దుంపలెయ్యి, నేను తిప్పుతాను.” తలుపు దగ్గరికి కూడా వెయ్యలేదు, నా కంటే ముందు నడిచింది.

ఆవిడ పిడి తిప్పుతుంటే చిల్లుల్లోంచి తెల్లటి పోగులు దిగాయి, విడివిడిగా, ఒకదాని మీద ఒకటి వదులుగా పడ్డాయి. బంక లేదు. చెంచాతో కదిపితే విరిగిపోయాయి. గోరువెచ్చటి పాలు కొంచెం కొంచెం పోసి కలిపాను, వేలితో రాసి చూశాను, ఉండ తగల్లేదు. “బాగా దిగింది” అంది అచ్చియ్యమ్మ, జంతికల సంగతి చెప్పినట్టే. ఆయన లేచే ఉన్నారు. దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. గిన్నెలోకి చూశారు, అచ్చియ్యమ్మని చూశారు, నన్ను చూశారు, పెదాలు బిగించేశారు. చెంచా సగం దూరం వెళ్ళింది. అక్కడే ఆపి, వెనక్కి తెచ్చి గిన్నెలో పెట్టి, గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాను. “మీరంటేనేనండీ” అన్నాను. “మీరు అనేదాకా తియ్యను. నీళ్ళని అబద్ధం చెప్పేను అందరికీ. రేపు ఆ అమ్మాయికి నిజం చెప్తాను.” ఆయన కిటికీ వైపు తిరిగారు. ఇంకో ట్రాక్టరు వెళ్ళింది. అచ్చియ్యమ్మ ఒకసారి గొంతు సవరించుకుంది, ఏదో అనబోయి నా మొహం చూసి మానేసింది. పాలు చల్లారిపోతున్నాయి, నాకు లేచి తిరగాలనిపిస్తోంది, గిన్నె మళ్ళీ వేడి చెయ్యాలనిపిస్తోంది, చెంచా ఎత్తాలనిపిస్తోంది, వేళ్ళు గిన్నె అంచు చుట్టూ బిగించి కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కిటికీ వైపు చూస్తూనే అన్నారు, గొంతులో జీర, “రైట్.”

ఒక చెంచా. మింగారు, గొంతు ముడి పైకి వెళ్ళి దిగింది. ఆగాను. రైట్. రెండోది. రైట్. మూడోది. నాలుగోదానికి దగ్గొచ్చింది, చిన్నదే, పక్కన అచ్చియ్యమ్మ చెయ్యి చటుక్కున లేచి ఆయన నెత్తి మీదికి వెళ్ళింది. గాలిలోనే పట్టుకున్నాను ఆ చెయ్యి. రెండో చేత్తో ఆయన్ని ముందుకి వంచాను. ఇంకో దగ్గు, ఊపిరి, మింగారు. వెనక్కి ఆనుకున్నారు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంతే. అచ్చియ్యమ్మ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది, చింతపండు జిగటగా. “అలవాటే” అంది చిన్నగా. “నాకూ” అన్నాను. తర్వాత ఆయనే అన్నారు రైట్ అని. ఐదు. ఆరు. గిన్నెలో ఇంకా కొంచెం మిగిలి ఉంది, రేపు సంధ్యారాణికి చూపించాల్సిన గిన్నె ఇదే కొలత, ఇంకో నాలుగు చెంచాలైతే నిండు గిన్నె తిన్నట్టు, లెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంది. చెంచా నింపాను.

“హోల్డాన్” అన్నారు.

“రెండు సెంచాలేనే, పెట్టెయ్యి, బలమొస్తాది” అంది అచ్చియ్యమ్మ. “ఆగమన్నారు అప్పా” అన్నాను. ఆవిడ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో మిగిలిన తెల్లటి పోగులు ఒక గుప్పెడు తీసి గొట్టంలో పెట్టాను, జంతికలైనా ఇవైనా ఖాళీగా ఇవ్వకూడదు కదా. ఆవిడ మూత పెట్టనివ్వలేదు. అరచేతిలో వేసుకుని అక్కడే నిలబడి తింది, ఉప్పు లేదే అనలేదు, మొత్తం తిని వేళ్ళు నాకి, “గొట్టం నీ దగ్గరే ఉంచు, నేను దసరాకి అడుగుతాను” అని చీర చెంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. బల్ల మీద ఫోను తిప్పి చూస్తే ఎర్ర అంకెలు మళ్ళీ మొదటికొచ్చాయి, యాభై తొమ్మిది నిమిషాలు, అదే ఆరువందల నలభై తొమ్మిది, వీళ్ళకి సిగ్గు లేదు. కార్టులోంచి తీసేశాను. ఎందుకు తీసేస్తున్నారో చెప్పమంది, వాళ్ళిచ్చిన కారణాల్లో ఇప్పుడు అవసరం లేదు అన్నది కూడా ఉంది, అది నొక్కాను, నొక్కుతూ ఆ పేరు లేని మనిషిని, వాళ్ళ నాన్నగారిని తలుచుకున్నాను, ఆ నాన్నగారికి కూడా ఇలాగే ఏదో దారి దొరికి అవసరం తీరి ఉండాలని.

ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన ఇంకా చెంచా వైపే చూస్తున్నారు, కుర్చీ మీద గిన్నెలో నింపినది నింపినట్టే ఉంది. మళ్ళీ లేస్తుందేమోనని చూస్తున్నారు. గిన్నె తీసి కిటికీ గట్టు మీద దూరంగా పెట్టాను. వచ్చి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ తిప్పి చూపించాను, ఖాళీగా ఉన్నాయని. అప్పుడు గాని ఆయన కళ్ళు మూసుకోలేదు.